నా బదులు పాయ సభకు వెళ్ళింది

కార్తీక శుద్ధ చవితి, లక్ష్మివారం

ఈ వారం కూడా పాయ సభకు నేను వెళ్ళలేదు. నా బదులు వెళ్ళింది.

రాయడానికి సిగ్గుగానే ఉంది, అయినా రాయాలి. వారానికి నాలుగు ముక్కలైనా రాస్తే తప్ప నా మనసులో ఏముందో దానికి తెలియదు. "మీ బదులు మీలాగే మాట్లాడాలంటే మీరు దాపరికం లేకుండా రాయండి" అని సభ వాళ్ళు ఈ బదులు పెట్టె అడుగున చీటీ అతికించి ఇచ్చారు. పెట్టె అంటే పెద్దదేం కాదు, టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. అందులో నా గొంతుంది. నా పాత ఉపన్యాసాలు, అర్జీలు, ఈ దినచర్య అన్నీ దానికి తెలుసు. సభలో నా పేరున్న కుర్చీలో కూర్చుని, అడిగినప్పుడు మాట్లాడుతుంది. చట్టం ప్రకారం దాని మాట నా మాటే.

పొద్దున్నే లేచి మేడ మీద సోలార్ పలకల మీద పేరుకున్న ఉప్పు కడిగాను. ఒక్కరోజు బద్ధకిస్తే సాయంత్రానికి ఫ్యాను తిరగదు. ఆరింటికి పంపు వచ్చింది, రెండు బిందెలు నిండేలోపే పోయింది. ఎనిమిదికి నీళ్ళ మిల్లుకు వెళ్ళాను. సముద్రపు నీళ్ళు తాగే నీళ్ళవుతాయే, ఆ మిల్లు. అక్కడ జల్లెడలకు పట్టిన ఉప్పు గీకడం నా పని. నాలుగింటి దాకా వదలరు. సభేమో పదకొండింటికి. మొదట్లో సెలవు పెట్టేదాన్ని. తర్వాత పూట సెలవు. ఆ తర్వాత ఎవరినో బతిమాలి షిఫ్టు మార్చుకునేదాన్ని. చివరికి, ఒక్క నెలకే కదా అని బదులు తెచ్చుకున్నాను. ఈ కార్తీకానికి ఆ ఒక్క నెల పద్దెనిమిది నెలలైంది.

పాయ సభలో కుర్చీలున్న మా సంఘం పెట్టినప్పుడు మేము నలభై ఒక్కమందిమి. ఎనిమిదేళ్ళ కిందటి తుఫానులో మా ఊరు కొత్తమెట్ట నిలబడిందంటే సముద్రంలో కలిసే గుల్లపాయ పక్కనున్న మడ అడవి వల్లే. గాలినీ అలనీ అది తన ఒంటి మీద కాసుకుంది. ఆ అడవిని కాపాడుకుంటామని నడుంలోతు బురదలో నిలబడి ప్రమాణం చేశాం. ఆ రోజు అందరికంటే గట్టిగా అరిచింది నేనే. ఇప్పుడు అధికారులు పాయ మూతి దగ్గర లాకు కట్టి, తలుపులు దించేసి, లోపల వాన నీళ్ళు నిల్వ చేస్తామంటున్నారు. ఊరికి అరగంట ఎక్కువ పంపు వస్తుంది. సముద్రపు పోటు నీళ్ళు లోపలికి రాకపోతే మడ రెండేళ్ళలో ఎండిపోతుంది. సంఘంలో సగంమందైనా కాదంటే లాకు కట్టడానికి వీల్లేదు.

కాదు అనే మాట చెప్పడానికే నా బదులు వెళ్తోంది. ఆ మాటతో నన్ను నేను ఓదార్చుకుంటున్నాను.

కార్తీక శుద్ధ సప్తమి, ఆదివారం

పాయ దగ్గర పోటు కర్ర చూసి రావడం ఈ నెల నా వంతు. నీళ్ళు ఏ గీత దాకా వచ్చాయో చూసి రాయాలి, అంతే పని. కిందటి రెండు వంతులూ ఎగ్గొట్టాను. ఈసారి వెళ్ళాను.

అక్కడ నూకాలమ్మ గారు కనిపించారు. ఓలేటి నూకాలమ్మ, మా సంఘంలో పెద్దావిడ. డెబ్బై దాటినా ఇప్పటికీ మోకాలిలోతు బురదలో మడ పీతలు పడతారు. నలభై ఒక్కమందిలో బదులు లేనిది ఆవిడ ఒక్కరికే. ప్రతి లక్ష్మివారం మూడు మైళ్ళు నడిచి వచ్చి, నలభై డబ్బాల మధ్య ఆవిడే ఒక్క మనిషి కూర్చుంటారని విన్నాను.

"ఏటమ్మా, కర్ర సూడ్డానికా? బాగా సన్నబడిపోయేవు" అన్నారు.

"మిల్లులో పని ఎక్కువైంది పిన్నీ. మీరూ ఒక బదులు తెచ్చుకోకూడదూ? ఈ ఎండలో అంత దూరం నడవడం దేనికి?"

"నా నోరు నాకుంది గదా, దానికి మళ్ళీ బదులేటి? పైగా ఆ రాతలూ కోతలూ నావల్ల కాదు." పీతను డెక్కలకు అందకుండా వెనకనుంచి పట్టుకుని బుట్టలో వేశారు. "నీ డబ్బా బాగానే మాటాడతందిలే. కాపోతే..."

"కాపోతే ఏంటి?"

"ఏం లేదులే. లక్ష్మివారం వత్తావా?"

"చూస్తాను పిన్నీ" అన్నాను. చూస్తాను అంటే రాను అని ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు.

కర్ర మీద నీళ్ళు ఏడో గీతకు కొంచెం పైన ఉన్నాయి. రాసుకుని వచ్చేశాను. దారంతా ఏదో గొప్ప పని చేసినట్టు అనిపించింది. ఇంటికి చేరాక నవ్వొచ్చింది. ఆరంభశూరులం అని మనల్ని ఊరికే అన్నారా!

కార్తీక శుద్ధ ఏకాదశి, లక్ష్మివారం

మూడో వరస జల్లెడ పగిలింది. ఉప్పునీళ్ళలో తడిసిన చేతులకు పగుళ్ళు వచ్చాయి, అన్నం కలుపుకుంటే మంట. ఆరున్నరకు గానీ వదల్లేదు. ఇంటికొచ్చేసరికి సభ నివేదిక వచ్చి ఉంది. పద్నాలుగు పేజీలు. మళ్ళీ వాయిదా.

తెరవలేదు. దాపరికం లేకుండా రాయమన్నారు కనుక రాస్తున్నాను. ఈ లాకు గొడవ ఎప్పటికి తెములుతుందో అర్థం కావడం లేదు. ఎన్నిసార్లు కాదంటే ఆగుతుంది? వాళ్ళు మళ్ళీ తెస్తారు, మేము మళ్ళీ కాదంటాం. ఒక్కోసారి అనిపిస్తుంది, అటో ఇటో ఏదో ఒకటి తేల్చిపారేస్తే పోతుంది, ప్రాణం హాయిగా ఉంటుంది. మడ పోతుందన్న బాధ కంటే మడ కోసం ఏమీ చేయడం లేదన్న బాధే ఎక్కువగా ఉంది. ఆ రెండోది పోతే చాలు.

ఇవాళ్టికి ఇంతే. చెయ్యి మండుతోంది.

కార్తీక బహుళ తదియ, లక్ష్మివారం

మిల్లులో ఉండగానే మణికట్టు మీద కబురు వెలిగింది. "గుల్లపాయ లాకు నిర్మాణానికి మీ అంగీకారం నమోదైంది. ధన్యవాదాలు."

రెండుసార్లు చదివాను. ఇంకెవరిదో నాకు వచ్చిందనుకున్నాను. కింద నా పేరే ఉంది, మేడిశెట్టి ఇందుమతి. ఒప్పుకున్నవాళ్ళు నలభై, కాదన్నవాళ్ళు ఒకరు.

నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు కోపం రాలేదు. పన్ను పీకించుకుని బయటికి వచ్చినప్పటి హాయి లాంటిది ఒంట్లోకి దిగింది. అయిపోయింది, ఇక వచ్చే లక్ష్మివారం గురించి ఆలోచించక్కర్లేదు అనుకున్నాను. అది అరనిమిషం ఉందో లేదో. కానీ ఉంది.

ఇంట్లో మా ఆయన సుధాకర్ సంతోషంగా ఉన్నాడు. "పోనీలే, అరగంట పంపు ఎక్కువొస్తుందంట. నువ్వూ ఒప్పుకున్నావంట కదా, మంచి పని చేశావు" అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

కార్తీక బహుళ చవితి, శుక్రవారం

సాయంత్రం నూకాలమ్మ గారు ఇంటికి వచ్చారు. ఎనిమిదేళ్ళలో మా గడప తొక్కడం ఇదే మొదటిసారి. లోపలికి రమ్మంటే రాలేదు, కాళ్ళకు బురదుందని మెట్ల మీదే కూర్చున్నారు.

"ఇందుమ్మా, ఒక మాట అడుగుదామని వచ్చేను. మనం ఎప్పుడు ఒప్పేసుకున్నాం?"

"నేను ఒప్పుకోలేదు పిన్నీ. ఆ బదులు ఏదో పొరపాటు చేసుంటుంది."

"నీ గొంతేనమ్మా. నేను పక్క కుర్సీలోనే ఉన్నాను గదా." ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది. "మీరందరూ చదువుకున్నోళ్ళు. ఏదో ఆలోసించే ఒప్పుకున్నారేమో, నాకు తెలీలేదేమో అనుకున్నాను. ఆలోసన ఏటో సెబితే నేనూ ఇంటాను. అరవై గుమ్మాలోళ్ళం ఆ పీతల మీదే బతుకుతున్నాం. ఆళ్ళకి ఏటో ఒకటి సెప్పాలి గదా."

నా దగ్గర ఆలోచన ఏముందని చెప్పను? రేపు సభ కార్యాలయానికి వెళ్ళి విషయం కనుక్కుంటానన్నాను. మంచినీళ్ళిస్తే సగం తాగి, మిగతా సగం కాళ్ళ దగ్గరున్న తులసి కుండీలో జాగ్రత్తగా పోసి వెళ్ళారు.

కార్తీక బహుళ పంచమి, శనివారం

ఇక్కడినుంచి కాగితం మీద రాస్తున్నాను. మిల్లులో పారేసే లెక్కల పట్టీలను వెనక్కి తిప్పి. ఎందుకో ఇది చదివితే తెలుస్తుంది.

సభ కార్యాలయంలో ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని లక్ష్మివారం నాటి నా మాటలు విన్నాను. అధికారి అడుగుతోంది, సభ్యులకు ఇంకా అభ్యంతరం ఉందా అని. నా గొంతు మెల్లగా, నిదానంగా చెప్పింది:

"ఎన్నిసార్లు కాదంటాం చెప్పండి. మీరు మళ్ళీ తెస్తారు. అటో ఇటో తేల్చేయండి. నాకు అభ్యంతరం లేదని రాసుకోండి. ఇది తెమిలిపోతే చాలు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, గదిలో ఎవరైనా వింటున్నారేమో అని చుట్టూ చూశాను. ఎవరూ లేరు. అవి నేను రాసిన మాటలే. నెల మొత్తం రాసినవి వెనక్కి తిప్పి చూసుకున్నాను, పోయిన ఏడాదివి కూడా. మడ గురించి రాసిన పేజీలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగతా అంతా నా అలసట, నా చేతులు, నా విసుగు, వెళ్ళలేదన్న ఏడుపు. పద్దెనిమిది నెలలుగా దానికి నేను పెట్టిన తిండి అదే. అది ఏ తప్పూ చేయలేదు. నన్ను చదివి, నాకు ఏం కావాలో గ్రహించి, సభలో నా తరఫున అడిగింది.

మిగతావాళ్ళవీ వినడానికి సభ్యురాలిగా నాకు హక్కుంది. విన్నాను. ఒకరిది "మెజారిటీ ఎటుంటే అటు", ఒకరిది "పిల్లల పరీక్షలయ్యాక చూద్దాం", ఇంకొకరిది అసలు లాకు సంగతే మర్చిపోయి నీళ్ళ పన్ను గురించి మాట్లాడింది. తిలాపాపం తలా పిడికెడు. నా పిడికెడు ఎంతుందో మాత్రం నాకు బాగా తెలుసు.

కాదని ఒక్క గొంతే వినిపించింది. "పోటు రాపోతే పీత రాదండి, మడ సచ్చిపోద్దండి, గాలొత్తే మీరూ ఉండరండి." నలభై డబ్బాల్లో ఒక్కటీ ఆవిడకు జవాబివ్వలేదు.

అంగీకారం వెనక్కి తీసుకోవడానికి పది రోజుల గడువుందని గుమాస్తా చెప్పాడు. ఒప్పుకున్న నలభైమందిలో ఇరవై ఒక్కరు స్వయంగా, మనిషే వచ్చి, అధికారి ముందు చెప్పాలి. బదులు పనికిరాదు. ఆఖరి రోజు రేపు కాక పై ఆదివారం, బహుళ త్రయోదశి.

ఇంటికొచ్చి పైన రాసినవన్నీ ఒక్క మాట మార్చకుండా కాగితం మీదికి ఎత్తిరాసుకున్నాను. నా బదులుకు ఇక ఒక్క అక్షరం కూడా పెట్టదల్చుకోలేదు.

కార్తీక బహుళ సప్తమి, సోమవారం

నిన్నా ఇవాళా కలిపి పదిహేడు ఇళ్ళు తిరిగాను. ఇన్నేళ్ళలో ఎవరి ఇంటికీ వెళ్ళనిదాన్ని ఒక్కసారిగా ప్రత్యక్షమయ్యేసరికి అందరూ ఏదైనా చావు కబురేమో అనుకున్నారు. లోపలికి పిలిచి కూర్చోబెట్టారు, మర్యాదలు చేశారు. విషయం చెప్పగానే మాత్రం ఒకటే మాట. "అయ్యో, ఆదివారమా? వనభోజనాలండీ!"

కార్తీకంలో ఆఖరి ఆదివారం. ఊరి పార్కులో ఉసిరి చెట్టు ఉంది, ప్లాస్టిక్కుది. మూడేళ్ళ కిందట మునిసిపాలిటీ వాళ్ళు పెట్టారు. దాని కింద అరటాకులు వేసుకుని భోంచేస్తారు. నిజం అడవి మూడు మైళ్ళ దూరంలో ఉంటే వనభోజనాలకు ప్లాస్టిక్కు చెట్టు కిందికి పోవడమేమిటని ఒకావిడతో అనేశాను. ఆవిడ మొహం ముడుచుకుంది. అలా అనడానికి నాకు నోరెక్కడిది? పోయినేడు నేనూ అక్కడే తిన్నాను.

సాయంత్రం దొరబాబు గారింటికి వెళ్ళాను. సంఘం పెట్టినప్పుడు నాతో సమానంగా తిరిగినాయన. ఇప్పుడు వనభోజనాల కమిటీ పెద్ద. వరండాలో పులిహోరకు చింతపండు పిక్కలు తీస్తున్నాడు.

"ఆయ్, రండి ఇందుమతి గారూ! ఎన్నాళ్ళకెన్నాళ్ళకి! మీ బదులు మాటలు భలేగుంటాయండీ, మా బదులు సెప్తా ఉంటది."

బదులు మాటలు బదులు వినడం, ఆ సంగతి బదులు చెబితే ఈయన వినడం. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన గొంతుతో పలికిన మాట రాసి తెచ్చిన కాగితం ముందు పెట్టాను. "మెజారిటీ ఎటుంటే అటు." చదివి పెద్దగా నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. చేతికంటిన చింతపండు తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

"ఇలాగన్నానాండీ నేను? మడ కొట్టడానికొచ్చిన బుల్డోజరు ముందు పడుకున్నోణ్ణి కదండీ!"

"నేనూ పడుకున్నాను దొరబాబు గారూ. మీ పక్కనే."

పిక్కల గిన్నె పక్కకు నెట్టాడు. తర్వాత చటుక్కున లేచాడు. "ఓ పని సేద్దారండి. వనభోజనాలకి ఎలాగూ బస్సు కట్టేం. మనోళ్ళు పాతికమంది అందులోనే వత్తారు. పార్కుకెళ్ళే ముందు సభ దగ్గర ఆపుతాను. పావుగంటలో సంతకాలు పెట్టేసి, అక్కణ్ణించి పులిహోరకి పోదారి. ఏవంటారు?"

ఏమంటాను? గుల్లపాయ బతుకు పులిహోర బస్సెక్కింది అనుకున్నాను. అయినా ఆయన చేతులు పట్టుకుని దండం పెట్టినంత పని చేశాను.

కార్తీక బహుళ ద్వాదశి, శనివారం

దొరబాబు గారు తొమ్మిదో నంబరు ఫారం తెచ్చి ఇచ్చాడు. దాన్ని చదివాక మెతుకు లోపలికి దిగలేదు.

అంగీకారం వెనక్కి తీసుకోవాలంటే కారణం చెప్పాలి. మనసు మారిందనడం కారణం కాదు. అలా ఒప్పుకుంటే ఏ నిర్ణయమూ నిలవదట. చెల్లే కారణం ఒక్కటే: "నా బదులు లోపభూయిష్ఠమైనది. అది నా మనసులో లేని మాట పలికింది." కింద సంతకం, వేలిముద్ర, ప్రమాణం.

"దీనికంత ఆలోసనేటండీ, యంతరమే కదా. దానికేవన్నా పరువు పోద్దా?" అన్నాడు దొరబాబు గారు.

యంత్రానికి పోదు. నా మనసులో లేని మాటనా అది పలికింది? నా మనసు అడుగున, నేను తొంగి చూడటానికి భయపడిన చోట ఉన్న మాటే అది. నిజం చెబితే నా అంగీకారం నిలబడుతుంది, మడ పోతుంది. అబద్ధం చెబితే మడ నిలబడుతుంది. అడవిని కాపాడటానికి అబద్ధం ఆడటం తప్పేమీ కాదని వందసార్లు చెప్పుకున్నాను. అడవి కోసం ఆడితే నిజంగానే తప్పు లేదేమో. కానీ ఈ అబద్ధం ఆడితే నేను కూడా శుభ్రంగా బయటపడతాను. నేను మంచిదాన్నే, డబ్బాయే చెడ్డది అని ఊరంతా అనుకుంటుంది. నన్ను బాధిస్తున్నది అదే. నేను చేసిన తప్పుకు నాకే లాభం.

కార్తీక బహుళ త్రయోదశి, ఆదివారం

బస్సు పదింటికి సభ దగ్గరికి వచ్చింది. కిటికీలకు మామిడాకులు, పైన గంగాళాలు. దిగినవాళ్ళను లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. నాతో కలిపి ఇరవై ముగ్గురు. పట్టుచీరలు, నుదుట విభూతి. చాలామంది సభ హాలు లోపల చూడటం ఏడాది దాటాక ఇదే. కుర్చీల మీద తమ పేర్లున్న డబ్బాలను చూసి కొందరు ఫోటోలు తీసుకున్నారు.

నూకాలమ్మ గారు అప్పటికే వచ్చి, తన కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఇంతమంది మనుషులు లోపలికి రావడం చూసి లేచి నిలబడ్డారు. ఆ మొహం చూసి నేను తల దించుకున్నాను.

అధికారి మంచావిడలాగే ఉంది, అలిసిన మొహం. ఒక్కొక్కరినీ పిలిచింది. ఒక్కొక్కరూ వచ్చి, "నా బదులు తప్పు చెప్పిందండి" అని ప్రమాణం చేసి, బొటనవేలు ఆనించి వెళ్ళారు. దొరబాబు గారు కాస్త కోపం కూడా నటించాడు. నిజంగానే వచ్చిందేమో, చెప్పలేను. పందొమ్మిది అయ్యాయి. ఇరవయ్యోదిగా నా పేరు పిలిచారు.

"ఇందుమతి గారూ, మీ బదులు మాట తీరు నేనూ విన్నాను. లోపం ఉన్న యంత్రంలా లేదు. మీ దినచర్య తెరిచి చూపిస్తారా? మీరు ఒప్పుకుంటేనే లెండి, బలవంతం లేదు."

తెరిస్తే శుద్ధ ఏకాదశి నాటి పేజీ బయటికి వస్తుంది. "చూపించనండి. అది నా సొంతం" అన్నాను.

"సరే. మరి సాక్ష్యం ఎవరు? ఇక్కడ వారం వారం కూర్చున్నది మీరొక్కరే కదా నూకాలమ్మ గారూ. ఈ డబ్బా మొదటినుంచీ ఇలాగే మాట్లాడేదా? ఎప్పుడు మారింది?"

హాలంతా ఆవిడ వైపు తిరిగింది. ఆవిడ నన్ను చూశారు. ఎంతసేపో చూశారు. తర్వాత కొంగు భుజం మీదికి లాక్కుని అన్నారు. "నాకేటి తెలుత్తాదండీ యంతరాల సంగతి. ముసిల్దాన్ని. పాడైపోయే ఉంటాదండి."

అధికారి ఒక నిట్టూర్పు విడిచి కాగితం నా ముందుకు జరిపింది. "నా బదులు నా మనసులో లేని మాట పలికింది" అని పైకి చదివాను. నా గొంతు ఆ డబ్బాలో కంటే పీలగా వినిపించింది. వేలిముద్ర వేశాను.

ఇరవై మూడు పూర్తయ్యాయి. అంగీకారం రద్దు. లాకు ప్రతిపాదన మళ్ళీ మొదటినుంచి, వచ్చే లక్ష్మివారం నుంచి వాదనలు. అందరూ చప్పట్లు కొట్టారు. దొరబాబు గారు నన్ను బస్సెక్కమని ఎంతో బలవంతపెట్టాడు. తలనొప్పి అని చెప్పి నడుచుకుంటూ ఇంటికి వచ్చేశాను. గెలిచాం అన్న మాట నోట్లోంచి ఒక్కసారి కూడా రాలేదు.

కార్తీక అమావాస్య, మంగళవారం

మిల్లు నుంచి వస్తూ పాయ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ అక్కడ ఉంటారనే వెళ్ళాను. అమావాస్య పోటు, నీళ్ళు మడలోకి చాలా దూరం వచ్చేశాయి. నూకాలమ్మ గారు గట్టు మీద వల విప్పుకుంటున్నారు. పక్కన కూర్చున్నాను. వల రెండో కొస పట్టుకుని చిక్కులు తీశాను.

"పిన్నీ, నేను అబద్ధం చెప్పాను" అన్నాను చివరికి.

"తెల్సు."

"ఎలా తెలుసు?"

"ఎలాగేటి, వారం వారం ఇన్నాను గదా. కొత్తల్లో నీ డబ్బా ఎంత కోపంగా మాటాడేదో. కుర్సీ అదిరిపోయేది. ఏడాది తిరిగేసరికి ఇసుగొచ్చింది. మొన్న వానాకాలం కాణ్ణించి నిద్దర మొకం. యంతరానికి ఇసుగు ఎక్కణ్ణించి వత్తాదమ్మా? ఆ రోజు కర్ర కాడ నీకు సెప్పేద్దామనుకున్నాను. సన్నబడిపోయి ఉన్నావని సెప్పలేదు."

ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు. క్షమించమని అడిగాను. చేతులు మండుతున్నా, ఆవిడ బురద కాళ్ళు ముట్టుకోబోయాను. ఆవిడ కాళ్ళు వెనక్కి లాక్కున్నారు.

"అయ్యన్నీ వద్దు. నా మాట ఇను. నేను ఈ వయసు దాకా పెమాణం సేసే సోట అబద్ధం ఆడలేదు. మొన్న ఆడేను. నువ్వొకటి ఆడేవు, నేనొకటి ఆడేను. పాయ కోసం ఇద్దరం మోత్తన్నాం. ఇప్పుడు నువ్వు మళ్ళీ రావడం మానేసేవనుకో, నా అబద్ధం ఉత్తినే పోద్ది. అప్పుడు ఆ మోత నా ఒక్కదాని మీదే ఉంటాది. అది నేను మొయ్యలేనమ్మా."

వల మడుచుకుని లేచి వెళ్ళిపోయారు. వస్తావా అని ఆవిడ అడగలేదు. చూస్తాను అని నేనూ అనలేదు.

మార్గశిర శుద్ధ విదియ, లక్ష్మివారం

నిన్న మిల్లులో సూపర్‌వైజరుతో గొడవపడ్డాను. లక్ష్మివారాలు నాకు సెలవు కావాలి, బదులుగా ఆదివారాలు చేస్తానన్నాను. జల్లెడల పని నుంచి తీసేసి ఉప్పు మోసే పనిలో వేస్తానన్నాడు. సరేనన్నాను. అయినా ఇవాళ పొద్దున లేవగానే మొదట వచ్చిన ఆలోచన, జ్వరం ఉందేమో అని. నుదురు ముట్టుకుని చూసుకున్నాను కూడా. లేదు.

సభ కార్యాలయంలో లోపం సరిచేశామని అందరి డబ్బాలనూ తిరిగి ఇస్తున్నారు. నాది వద్దని రాసిచ్చి వచ్చాను. లోపల ముప్పై తొమ్మిది డబ్బాలు యథాప్రకారం కుర్చీల్లో ఉన్నాయి. మేమిద్దరం మనుషులం. దొరబాబు గారి డబ్బా బుల్డోజరు గురించి చాలా ఆవేశంగా మాట్లాడింది. ఆయన ఈ వారం బాగా రాసినట్టున్నాడు.

నా వంతు వచ్చినప్పుడు లేచి నిలబడ్డాను. పద్దెనిమిది నెలల్లో పాయలో ఏం జరిగిందో నాకు తెలియదు. ఎన్ని పీతలు, ఎంత ఒండ్రు, ఏ వైపు మడ పచ్చగా ఉంది, ఏ వైపు పసుపు తిరిగింది, ఒక్కటీ తెలియదు. ఉన్నమాట చెప్పాను. "నాకు అభ్యంతరం ఉందండి. ఎందుకో వివరంగా చెప్పేటంత నాకు ఇప్పుడు తెలియదు. తెలుసుకుని చెప్తాను."

అధికారి రాసుకుంది. నూకాలమ్మ గారు నా వైపు తిరిగి చూడలేదు, నవ్వలేదు. ముగిశాక మాత్రం, "రేపు పాటు తీసి నీళ్ళు ఎనక్కెళ్ళేక, పొద్దున్నే రా. మడలో ఎక్కడేటి పోయిందో సూపిత్తాను. సెప్పులు ఏసుకురాకు" అని చెప్పి నడిచి వెళ్ళిపోయారు.

రేపు మిల్లులో ఉప్పు మోత మొదటి రోజు, ఎనిమిదికల్లా ఉండాలి. పాయ దాకా వెళ్ళి రావాలంటే ఐదింటికి లేవాలి. వచ్చే లక్ష్మివారం మళ్ళీ సభ, ఆపై వారం మళ్ళీ. ఇలా ఎన్నాళ్ళో అని వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టి, మధ్యలో ఆపేశాను.